కాస్త పక్కకి జరుగు

"పల్నాడు కోడలు పల్నాడులోనే ఉంటుంది! ఆ అమ్మాయి వీసా బాధ్యత నాది!"

నరసరావుపేటలో ప్రెస్‌మీట్ పెట్టి వీరయ్యగారు ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వీరయ్యగారు పార్టీలో అంతర్జాతీయ వ్యవహారాల కన్వీనర్. అలాంటి పదవి ఒకటి ఉన్నట్టు పార్టీకి ఇంకా తెలియదు. నాకు మాత్రం తెలుసు, ఎందుకంటే నాది ఫ్లెక్సీ షాపు. ఆ పదవిని మొదట టైపు చేసింది నేనే.

పక్క షాపు జుబేరుది. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. కువైట్‌లో పనిచేసే రోజుల్లో రోసలిన్ అనే ఫిలిప్పీన్స్ నర్సుతో అతనికి మనసు కలిసింది. వాళ్లమ్మ మాబున్నీసా అలిగి అన్నం మానేసింది. ఆ పిల్ల వీడియోకాల్‌లో "అమ్మా, తిన్నావా?" అని తెలుగులో అడిగేసరికి కరిగిపోయి, లేచి వెళ్లి బిర్యానీ వండింది.

రోసలిన్ టూరిస్టు వీసా మీద వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయ్యాక, భార్యగా ఇక్కడే ఉండాలంటే వేరే వీసా తీసుకోవాలి. అది రాకపోతే, ఉన్న వీసా గడువు తీరేలోగా విమానం ఎక్కాల్సిందే. ఇది ఉత్తుత్తి పెళ్లి కాదని ప్రభుత్వానికి నమ్మకం కలిగితేగానీ ఆ కొత్త వీసా రాదు. నమ్మకానికి ఫొటోలు కావాలి.

ఫొటోలు అనే మాట ఎవరు చేరవేశారో గానీ, వీరయ్యగారు వచ్చేశారు.

రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకునే వేళకి ఆయన ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నారు. దండలు ఆయన మీదుగానే మారాయి. ఒకటి కాసేపు ఆయన మెడలో ఆగింది కూడా. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, "జుబేరూ, కాస్త పక్కకి జరుగు. అన్న భుజం కట్టవుతోంది" అన్నాడు. జుబేరు జరిగాడు. "ఇంకాస్త." ఇంకాస్త జరిగాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. అందులో పెళ్లికొడుకు ఎడమ చెవి చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఫొటోతోనే నేను ఫ్లెక్సీ వేశాను. వీరయ్యగారు నిలువెత్తున నమస్కారం పెడుతుంటారు. కింద మూలన, తపాలా బిళ్లంత సైజులో దంపతులు. ఫ్లెక్సీల్లో కిందివాళ్లు ఎప్పుడూ అంతే ఉంటారు. అది మా వృత్తి ధర్మం.

"అన్నా, మేమిద్దరమే ఉన్న ఫొటోలు కూడా కావాలంట" అన్నాడు జుబేరు, భయం భయంగా.

"దాందేముందిరా! కొండవీడు పోదాం పదండి. కోట మీద ఫొటో దిగితే రాజూ రాణీ లెక్క ఉంటారు" అన్నారు వీరయ్యగారు.

కొత్త జంట ఏకాంతంగా గడపడానికి మూడు కార్లలో వెళ్లాం. కోట గోడ దగ్గర వీరయ్యగారూ రోసలిన్ నిలబడి ఉన్న ఫొటో ఒకటుంది, చూడముచ్చటగా ఉంటుంది. అది తీసింది జుబేరు. ఫొటోగ్రాఫర్ కోట మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయాడు మరి.

ఫొటోలన్నీ అప్లికేషన్‌తో ఆన్‌లైన్‌లో పంపారు. పత్రికల్లో వచ్చిన కటింగ్‌లు కూడా జతచేయాలని వీరయ్యగారు పట్టుబట్టారు. కొన్నాళ్లకి విచారణకి కానిస్టేబుల్ వచ్చాడు. వీరయ్యగారు ముందే వీధి వీధంతా తిరిగి, ఎవరు వచ్చి అడిగినా ఏం చెప్పాలో అందరికీ నేర్పించి ఉన్నారు.

కానిస్టేబుల్ ఎదురింటి కరుణమ్మని అడిగాడు. "ఏమ్మా, ఈ పెళ్లి సంగతి నీకు తెలుసా?"

"ఎందుకు తెలవదయ్యా! ఈ పెళ్లి వీరయ్యగారిదే" అంది కరుణమ్మ, నేర్పింది నేర్పినట్టు.

"వీరయ్యగారిదా?"

"అంతా ఆయనదే. దండలు, కార్లు, ఆ పిల్లని కొండవీడు తిప్పుకురావడం, అంతా. చానా మంచోడు."

"మరి ఈ జుబేరు?"

"ఆ పిలగాడు కూడా ఉన్నాడులే పక్కన."

కానిస్టేబుల్ ఫొటోలు చూశాడు, ఫ్లెక్సీ చూశాడు, తల పంకించి రాసుకున్నాడు. అంత సంతృప్తిగా ముగిసిన విచారణని నేనెప్పుడూ చూడలేదు.

నోటీసు జుబేరు ఇంటికి రాలేదు. వీరయ్యగారి ఇంటికి వచ్చింది. తీసుకున్నది ఆయన భార్య శేషారత్నంగారు. విదేశీ మహిళతో మీ వివాహం విచారణలో రుజువైంది, మొదటి భార్య ఉన్నట్టు కూడా తెలిసింది, దీనికి మీ వివరణ ఏమిటి అని అందులో ఉంది. వీరయ్యగారు నా షాపులో కొత్త ఫ్లెక్సీకి రంగు ఎంచుకుంటూ ఉండగా ఆమె ఆ కాగితం పట్టుకుని అక్కడికే వచ్చారు.

"ఏమయ్యా, ఏందిది? షష్టిపూర్తి చేయిస్తానన్నావు, ఇదేనా?"

వీరయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "నా పేరు కరెక్టుగానే రాశారే" అన్నారు.

పక్క షాపు నుంచి జుబేరు పరిగెత్తుకొచ్చాడు. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. నోటీసు చూసి మొహం పాలిపోయింది. "అన్నా, వీసా ఇంకో వారంలో అయిపోద్ది. ఈ పెళ్లితో మీకేం సంబంధం లేదని ఒక్క అఫిడవిట్ రాసియ్యండి. కాళ్లు పట్టుకుంటా. లేకపోతే రోసలిన్ వెళ్లిపోవాల్సొస్తది."

వీరయ్యగారి మొహంలో అంత బాధ నేను ఎన్నికల్లో ఓడినప్పుడు కూడా చూడలేదు.

"సంబంధం లేదని రాయాలా? ఇంత చేసి, ఏం చేయలేదని నా చేత్తో నేను రాసుకోవాలా? రేపు పార్టీలో నా పరిస్థితేందిరా?"

"అన్నా, మా కాపురం అన్నా."

"అది సరేరా. 'ముఖ్య అతిథి సంబంధం తప్ప వేరే సంబంధం లేదు' అని రాస్తే పోలా?"

శేషారత్నంగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రాయొద్దులే. నేనే ఆ ఆఫీసుకి పోయి, నేను ఆ పిల్లకి సవతినని సంతకం పెట్టొస్తా. టీవీ వాళ్లని కూడా పిలుస్తా. నీకు పబ్లిసిటీ అంటే ఇష్టం గదా."

వీరయ్యగారు సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు ఫొటో తీయమని నాకు సైగ చేశారు గానీ, శేషారత్నంగారు నా వైపు చూసిన చూపుకి నా ఫోను జేబులోంచి బయటికి రాలేదు.

వీసా ఇంటర్వ్యూకి పట్నం రమ్మన్నారు. గడువు మర్నాటితో సరి. రోసలిన్ సూట్‌కేసు సర్దుకునే బయల్దేరింది. మాబున్నీసా అందులో ఊరగాయ సీసా పెడుతూ ఏడ్చి, ఏడుస్తూ మళ్లీ బయటికి తీసి, "ఇక్కడే తింటావులే బేటీ" అని అలమారలో దాచేసింది. కారు దగ్గరికి వెళ్లేసరికి ముందు సీట్లో వీరయ్యగారు కూర్చుని ఉన్నారు, ఇస్త్రీ మడత నలగకుండా. "నాకేం సంబంధం లేదని నేనే స్వయంగా చెప్పొద్దూ?" అన్నారు. కాదనడం మర్యాద కాదు గనక మేమంతా ఎక్కాం.

కౌంటర్ దగ్గర అధికారిణి పేరు పిలిచింది. "దంపతులు ముందుకు రండి."

ముందుకు రండి అనే మాట వినబడితే వీరయ్యగారి కాళ్లు ఆగవు. దశాబ్దాల వేదికల అలవాటు అది. వెళ్లి రోసలిన్ పక్కన నిలబడి, కెమెరా ఎక్కడుందో వెతుక్కుని, నమస్కారం పెట్టారు.

అధికారిణి కంప్యూటర్లో ఫొటోలు చూసింది. వీరయ్యగారిని చూసింది. మనిషీ ఫొటోలూ సరిపోయాయి. ఆమె జుబేరు వైపు తిరిగి, "బాబూ, మీరు కాస్త పక్కకి జరగండి" అంది.

జుబేరు జరిగాడు. పాపం, అతనికీ అలవాటైపోయింది. గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

అప్పుడు రోసలిన్ నోరు తెరిచింది. ఇన్నాళ్లూ ఆ పిల్లకి "తిన్నావా", "చాలు", "బాగుంది" తప్ప తెలుగు రాదనుకున్నాం. కానీ వచ్చినప్పటి నుంచీ రోజూ, ప్రతి ఫొటో దగ్గరా, ఒకే మాట చెవిన పడుతుంటే ఎవరికి రాదు?

"అన్నా, కాస్త పక్కకి జరుగు."

వీరయ్యగారు అర్థం కానట్టు చూశారు.

"ఇంకాస్త" అంది రోసలిన్. రెండు చేతులూ ఆయన భుజం మీద వేసి మర్యాదగా తోసింది. వెళ్లి జుబేరు చేయి పట్టుకుని కౌంటర్ ముందుకి లాక్కొచ్చింది. ఏడుస్తోంది, కానీ చేయి వదల్లేదు. అధికారిణి వాళ్లిద్దరినీ చూసింది, అఫిడవిట్ చూసింది. తర్వాత చిన్న కెమెరా వాళ్ల వైపు తిప్పి ఫొటో తీసింది. మొత్తం వ్యవహారంలో జుబేరు రెండు చెవులూ పడిన ఫొటో అదొక్కటే.

సాయంత్రానికి జుబేరు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వీసా మంజూరు.

మర్నాడు వీరయ్యగారి నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. టౌన్లో ఇప్పటిదాకా అంత ఫ్లెక్సీ లేదు. "ఒక జంట కాపురం కోసం పక్కకి జరిగిన త్యాగమూర్తి" అని అక్షరాలు బంగారు రంగులో. అంచు నుంచి అంచు దాకా వీరయ్యగారే.

వీరయ్యగారు దగ్గరుండి ఫ్లెక్సీ కట్టిస్తుంటే జుబేరూ రోసలిన్ వచ్చి చూశారు. జుబేరు అలవాటుగా వంగి కింది మూల వెతికాడు. ఈ మూల చూశాడు, ఆ మూల చూశాడు.

"అన్నా, మేం ఏడున్నాం?"

"పిచ్చోడా, త్యాగం చేసింది నేను గదరా" అన్నారు వీరయ్యగారు. "మధ్యలో మీరెందుకు?"