రాజహంసలకు వ్యాయామం

రాజహంసల్ని బెదరగొట్టకపోవడం పాపం!

నవ్వకండి. యుకటాన్ తీరంలో, మా పక్షుల రక్షిత మడుగులో పాతికేళ్లుగా మోటారు బోటు నడుపుతున్న నికనోర్‌ని చెబుతున్నాను. చలికాలం గడపడానికి ఈ గులాబీ రంగు ఫ్లెమింగోలు వేలకు వేలు వచ్చి వాలతాయి. వాలి ఏం చేస్తాయి? బురదలో తలపెట్టి పొద్దస్తమానం రొయ్యపిల్లల్ని మెక్కుతాయి. ఇంత తిండికి కాస్త ఒళ్లు వంచొద్దా?

అందుకే ఇంజను రేజ్ చేసి గుంపు మధ్యలోకి దూసుకుపోయేవాణ్ని. అదీ చాలకపోతే టూరిస్టుల చేత చప్పట్లు కొట్టించేవాణ్ని. రివ్వున లేచేవి! ఆకాశమంతా గులాబీ! రోజుకు పన్నెండుసార్లు, ఫీజు లేని జిమ్! ఇంతకు మించిన పక్షిసేవ ఉంటుందా?

మా వదిన కసిల్దా మాత్రం ఒప్పుకోదు. ఆవిడది గెడ వేసి నడిపే పడవ. పక్షులు కనబడగానే అల్లంత దూరంలో ఆపేసి, నోటిమీద వేలేసుకుంటుంది. ఇది టూరిజమా, చర్చిలో ప్రార్థనా?

"వాటిని తిననివ్వవయ్యా మరిదీ! నువ్వు టమాలే నోట్లో పెట్టుకోబోయిన ప్రతిసారీ నేను కర్ర పట్టుకుని తరిమితే ఈ ఊళ్లో ఉంటావా?" అని రేవులో అందరిముందూ నిలదీసింది.

"తరుము వదినా, పొట్టయినా తగ్గుతుంది!"

రేవంతా నవ్వింది. గెలిచాననుకున్నాను.

జనవరిలో ఒక ఉదయం వెళ్లి చూస్తే మడుగు ఖాళీ! నా ట్రైనింగ్ అంత గొప్పది మరి. గుంపంతా మడచెట్ల అవతలికి, మోకాలి లోతు నీళ్లలోకి మకాం మార్చేసింది. అక్కడ మోటారు బురదలో కూరుకుపోతుంది. గెడ పడవ ఒక్కటే వెళ్లగలదు. నా బోటెక్కినవాళ్లకు చూపించడానికి ఒక ముసలి పెలికాన్ మిగిలింది. అదీ నన్ను చూసి లేచిపోయింది.

చివరికి సిగ్గు విడిచి వదిన పడవలో చోటడిగాను.

"నోరు మూసుకుంటేనే ఎక్కు" అంది.

మూసుకున్నాను. మడచెట్లు దాటగానే ఎదురుగా వేల రాజహంసలు! ముక్కులతో నీళ్లు వడపోసుకుంటూ అవి చేసే చప్పుడు పాతికేళ్లలో మొదటిసారి విన్నాను. ఇంజను ఎప్పుడు విననిచ్చింది గనక?

అంతలో నా వెనక టపటపా చప్పట్లు! మెరిదా పట్నం నుంచి వచ్చిన టూరిస్టు పెద్దమనిషి. గుంపంతా ఒక్కసారిగా తలెత్తింది.

"ఎవరయ్యా నీకీ దిక్కుమాలిన అలవాటు నేర్పింది?" అని పళ్లు నూరాను.

"అదేంటి నికనోర్ అన్నా! పోయినేడాది నీ బోట్లో నువ్వేగా!"

వదిన నీళ్లలోంచి గెడ పైకి తీసి నా వైపు తిరిగింది. నా పొట్ట తగ్గే వేళ వచ్చిందన్నమాట!