తాళం వేసిన గదిలో మోటారు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు మామగారు పొలానికి వస్తారు, మడిలో పాతిన చిల్లుల గొట్టంలోకి తొంగి చూస్తారు. నీళ్లు నేలలోకి జానెడు లోతుకు దిగినా వరి పచ్చగానే ఉందని ఒప్పుకుని, వచ్చే పంటకు పొలమంతా అతనికే అప్పగిస్తారు. లేదంటే వేరే రైతుకు ఇచ్చేస్తానని ముందే చెప్పారు.

మడి నిండా నీళ్లు లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఫోనులోని పంటల యాప్ చెప్పినట్టు ఆరబెట్టి తడుపుతానని అల్లుడు కాళ్లావేళ్లా పడితే ఒక్క మడి వదిలారు. మోటారు గది తాళంచెవి మాత్రం జేబు దాటనివ్వలేదు. అందుకే ఆయన ఎదుటే గదిలో ఫోనుతో నడిచే పెట్టె బిగించారు. ఏ ఫోను నుంచైనా ఒకసారి రింగిస్తే మోటారు తిరుగుతుంది, మళ్లీ రింగిస్తే ఆగుతుంది. అల్లుడు పొదుపరి కనుక తన పాత సిమ్ము అందులో వేసి, తను కొత్తది తీసుకున్నాడు.

ఎనిమిదింటికి మోటారు దానంతటదే మొదలైంది. అల్లుడు రింగిచ్చి ఆపాడు. అతను గట్టు దిగేలోపు మళ్లీ తిరిగింది. ఇంటికి ఫోను చేసి భార్యను నిలదీస్తే, మోటారుతో ఆడుకునేంత తీరిక తనకు లేదంది. పెట్టె బిగించినవాడేమో యంత్రం నిక్షేపంగా ఉందన్నాడు. ఆపిన ప్రతిసారీ అది మళ్లీ తిరిగింది; ఒక్కోసారి రింగిద్దామంటే నంబరు బిజీ. మోటారు ఎవరితో మాట్లాడుతోందో అతనికి అర్థంకాలేదు. గది తలుపును భుజంతో గుద్దితే భుజమే నొప్పెట్టింది.

పదింటికి గొట్టం మెడదాకా మునిగింది. మామగారు రుసరుసలాడుతూ వచ్చారు.

"పొద్దుట్నుంచి ఏడుసార్లు చేశాను. ఎత్తవేం?"

"నాకు ఒక్కటీ రాలేదు మామయ్యా."

"అబద్ధమా? ఇదిగో, నీ ఎదుటే చేస్తున్నా చూడు."

ఆయన మీట నొక్కారు. గదిలో మోటారు ఆగిపోయింది. అనుమానంతో మళ్లీ నొక్కారు, అది హోరుమంది. కొత్త నంబరు ఊరందరికీ చెప్పి మామగారికి మాత్రం చెప్పలేదని అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది.

మామగారు మునిగిన మడి వైపు తిరిగారు.

"అయితే ఇదంతా నేను పెట్టిన నీళ్లేనా?"

"మీరే మామయ్యా."

ఆయన గొంతు సవరించుకుని, మూడోసారి నొక్కి మోటారు ఆపారు. తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టి, నీళ్లు దిగాక మళ్లీ వచ్చి చూస్తానన్నారు.

పది రోజుల తర్వాత, బయల్దేరుతున్నానని చెప్పడానికి ఆయన కూతురికి ఫోను చేశారు.