తక్కువ తిరిగిన బండి

కొంటాలో బట్టల దుకాణం నడిపే ఉమామహేశ్ ఆ మంగళవారం వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున ఐదింటి బస్సుకు జగదల్‌పూర్ వెళ్లాలి. అక్కడి నుంచి నగర్‌నార్ చేరి, అమ్మకానికున్న టూరింగ్ మోటార్‌సైకిల్‌ని పరీక్షించి, దాని మీదే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. ముప్పై ఏళ్లుగా దుకాణం పరుపు మీద కూర్చున్న మనిషి. నలభై ఎనిమిదో ఏడు వచ్చాక కాళ్లు ఊరుకోవడం మానేశాయి. హైవే మీద బళ్లు వరసకట్టి పోతుంటే అటే చూస్తూ, ఒకరోజు జాకెట్టు గుడ్డకు బదులు తన కండువానే కత్తిరించాడు.

"ఆరేండ్ల బండి నాలుగు వేల కిలోమీటర్లు కూడ తిరగలేదంటే ఏందో లోపం ఉండే ఉంటది," అంది భార్య దుర్గాభవాని టిఫిన్ డబ్బా చేతికిస్తూ. "మంచిగుంటే ఎవరన్న ఇంట్ల నిలబెట్టుకుంటరా?"

ఆ మాట సుక్మా దాకా ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. సుక్మా దాటగానే కొంటాలోని మెకానిక్ హడ్మాకు ఫోన్ చేశాడు.

"తక్కువ తిరిగిన బండే ఎక్కువ సతాయిస్తది సేఠ్," అన్నాడు హడ్మా. "మీటర్ నమ్మకు. కాళ్లు పెట్టే రబ్బరు చూడు. అది అరిగి మీటర్ తక్కువ చూపిస్తే మోసమే. టైరు మీద నాలుగంకెలుంటయ్, ఏ వారం, ఏ ఏడు తయారైందో తెలుస్తది. చాసిస్ నంబరు కాగితంల నంబరుతోని కలవాలె. అన్నిటికంటే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వేడిగుంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి రోగం దాచిండని లెక్క."

బండి యజమాని శేషగిరిరావు అనకాపల్లి వైపు మనిషి. అక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగం నుంచి రిటైరై నాలుగు నెలలైంది. గేటు దగ్గరే ఎదురొచ్చి, "రండి మాస్టారూ, ముందు టీ తాగుదురు," అన్నాడు. ఉమామహేశ్ టీ వైపు చూడలేదు. నేరుగా వెళ్లి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమనగానే వెనక్కి తీశాడు.

"వేడిగుంది! పొద్దునే స్టార్ట్ చేసిన్రు గదా?"

"పదకొండున్నర ఎండలో పెట్టానయ్యా. ఇత్తడి చెంబు పెట్టినా కాలుతుంది!" శేషగిరిరావు ముఖం ఎర్రబడింది. "నెల్రోజుల నుంచి దీన్ని ముట్టుకోలేదు. మా ఆవిడ ముట్టుకోనివ్వదు."

ఆయన కోపం తగ్గేలోగా ఉమామహేశ్ నేల మీద బోర్లా పడుకుని రబ్బర్లు చూశాడు. కొత్తగా ఉన్నాయి. టైరు అంకెలు చదివాడు. గాడి బాగానే ఉంది కానీ, ఆరేళ్ల రబ్బరు అంచుల్లో సన్నగా చిట్లింది. చాసిస్ నంబరు మూడుసార్లు చదివితే మూడుసార్లూ కలిసింది. లోపం దొరక్కపోయేకొద్దీ ఆయన గాభరా పెరిగింది. మళ్లీ హడ్మాకు ఫోన్ చేశాడు.

"ట్యాంకు మూత తీసి వాసన చూడు. పెట్రోల్ పాతదైతే వార్నిష్ లెక్క కొడతది. మొత్తం తీసెయ్యి."

వార్నిష్ లాగే కొట్టింది. ఉమామహేశ్ ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో లాగాడు. పెట్రోల్ బకెట్‌లోకి వచ్చింది, అంతకంటే ముందు ఆయన నోట్లోకి వచ్చింది. ఉమ్ముకుంటూ, దగ్గుకుంటూ పెరటి కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. శేషగిరిరావు సీసాలో తెప్పించి ఉంచిన రెండు లీటర్ల కొత్త పెట్రోల్ ట్యాంకులో పోయసాగాడు.

సరిగ్గా అప్పుడే పనిమనిషి బుధ్రి వచ్చింది. ఘాటుగా వాసనేస్తున్న బకెట్ చూసి, "నయా ఫినాయిల్," అనుకుని లోపలికి పట్టుకుపోయి హాలంతా తుడిచేసింది.

నోరు కడుక్కుని లేచిన ఉమామహేశ్‌కు కిటికీలోంచి రెండు దృశ్యాలు కనిపించాయి. ఒకటి, తళతళలాడే నేల. రెండోది, దేవుడి గూటి ముందు అగ్గిపెట్టె పట్టుకున్న శేషగిరిరావు భార్య కమలాకుమారి. అరవబోతే పెట్రోల్ దగ్గు అడ్డొచ్చింది. రెండు చేతులూ ఊపుతూ, "ఊఫ్! ఊఫ్!" అని ఊదుకుంటూ ఆమె మీదికి పరుగెత్తాడు. ఆమె అగ్గిపెట్టె పారేసి వీధిలోకి దూకింది.

"ఏమండీ! ఎవడో పిచ్చాడు ఇంట్లో దూరాడు!"

ఆ కేకకు బయటికొచ్చిన పక్కింటి రీనాకు ముందు వాసన తగిలింది. సిలిండర్ లీకైందని నిర్ణయించుకుని ఫైరింజన్‌కు ఫోన్ చేసింది. అది పది నిమిషాల్లో వచ్చి, గేటుకు అడ్డంగా ఉన్న బండి ముందు ఆగి హారన్ మోగించింది.

"బండి తియ్యండి!" అని అందరూ అరిచారు. శేషగిరిరావు హడావుడిగా ఎక్కి మీట నొక్కాడు. రెండోసారికి బండి గర్జించింది. సందులో పక్కకు ఆపే చోటు లేదు. ముందుకు పోనిచ్చాడు, మలుపు తిరిగాడు, హైవే ఎక్కాడు, కనబడకుండా పోయాడు.

ఫైరింజన్ వాళ్లు కిటికీలన్నీ తెరిచి, నేల కడిగి, అందరినీ తలా నాలుగు తిట్టి వెళ్లిపోయారు. గంట గడిచింది. శేషగిరిరావు రాలేదు, ఫోన్ ఇంట్లోనే మోగుతోంది. ఉమామహేశ్ గేటుకీ అరుగుకీ మధ్య తిరిగి తిరిగి చెమటలు కక్కాడు. బండి కొనడానికొచ్చినవాడికి బండి చూపించి యజమానే ఎత్తుకుపోయాడని ఏ పోలీసుకు చెప్పుకోవాలి?

హడ్మా ఫోన్ చేశాడు. "ఏమైంది సేఠ్?"

"టెస్ట్ రైడ్‌కు పోయిండు."

"ఎవరు?"

"అమ్మేటాయన."



కమలాకుమారి మాత్రం అరుగు మీద కూర్చుని టీ తాగుతోంది. "మీరూ కూర్చోండి బాబూ," అంది. "టీ వేడిగా తాగి నాలుగు నెలలైంది. రిటైరైన దగ్గర్నుంచీ నా వెనకే తిరుగుతారు. గ్యాస్ మంట ఎక్కువైంది, చారులో ఉప్పు తక్కువైంది, పప్పుడబ్బాలకు నంబర్లు వేద్దాం... అబ్బ, ఇల్లు ఎంత చల్లగా ఉందండీ!"

మూడు కావస్తుండగా బండి చప్పుడైంది. శేషగిరిరావు జుట్టు నిక్కబొడుచుకుంది. కళ్లద్దాలకు పురుగులు అతుక్కున్నాయి. ముఖంలో మాత్రం పదేళ్ల వయసు తగ్గింది.

"జగదల్‌పూర్ దాటి పోయాను మాస్టారూ! ఎనభై స్పీడులో కూడా హ్యాండిల్ వణకలేదు. మీరు అంత శ్రద్ధగా చూశాక గానీ నాకే తెలియలేదు, ఇందులో ఒక్క లోపం లేదని." మనసొప్పకున్నా బండి తాళం తీసి ముందుకు చాచాడు. "మాటంటే మాటే. తీసుకోండి."

ఉమామహేశ్ అరచెయ్యి పట్టాడు. తాళం అందులో పడింది కూడా. మరుక్షణం కమలాకుమారి దాన్ని లాగేసుకుంది.

"బండి అమ్మేది లేదు."

"నువ్వే కదే అమ్మమని నెల్రోజులు నస పెట్టావు!" అన్నాడు శేషగిరిరావు.

"అప్పుడు తెలీక అన్నాను. రేపట్నుంచి పొద్దున తొమ్మిదికి బయల్దేరండి, సాయంత్రం ఐదుకు రండి. క్యారేజీ కట్టిస్తాను. ముందు ఆ టైర్లు మార్పించండి, అంచులు చిట్లాయని ఇందాక టీ దగ్గర ఈ బాబు చెప్పారు."

కొంటా బస్సులో ఉమామహేశ్‌కు నిలబడటానికి చోటు దొరికింది.