యజమానుల కరెంటు

నల్లగుట్ట గ్రామీణ విద్యుత్ సహకార సంఘంలో ‘వినియోగదారుడు’ అనే మాటను నేటి నుంచి రద్దు చేస్తున్నట్టు ఛైర్మన్ రామసుబ్బయ్య కంభం ఆఫీసులో విలేకరుల ముందు ప్రకటించాడు. సంఘం సభ్యులది, కరెంటు సభ్యులది, కాబట్టి కరెంటు వాడే ప్రతి మనిషీ యజమానేనన్నాడు. యజమానిని పట్టుకుని వినియోగదారుడు అనడం కన్నతండ్రిని పట్టుకుని అద్దెకున్నాయన అనడం లాంటిదని కూడా అన్నాడు. అదే సమయానికి కరెంటు పోయింది. ఆయన ఏమాత్రం చలించకుండా, మైకు లేకుండానే గొంతు పెంచి ప్రకటన పూర్తి చేశాడు. విలేకరులు ఆ చీకట్లోనే వడలు వెతుక్కుని తిన్నారు.

రామసుబ్బయ్యకు తన గురించి పెద్ద భ్రమలేమీ లేవు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపినవాడు. పిల్లలు పలకలు మానేసి ఫోన్ల మీద గీసుకోవడం మొదలుపెట్టాక ప్రజాసేవలోకి దిగాడు. కరెంటు గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే: దాన్ని ముట్టుకోకూడదు. సంఘంలో రెండు వర్గాలున్నాయి. ఒకరి మనిషిని ఇంకొకరు ఒప్పుకోలేదు. చివరికి ఎవరికీ ఉపయోగపడనివాడూ, ఎవరికీ అడ్డం రానివాడూ అయిన మనిషి కోసం చుట్టుపక్కల మండలాలన్నీ గాలించి ఆయన్ని పట్టుకున్నారు. పోటీ లేదు, ఓటింగు లేదు. ఏకగ్రీవం.

“నన్ను అంత బాగా అర్థం చేసుకున్నోళ్ళు ఇంకెవరూ లేరు” అని ఆయన ఇంటికొచ్చి నవ్వాడు.

“ఏం, నేను లేనా?” అంది భార్య సుబ్బరత్నమ్మ, నవ్వకుండా.

ప్రకటన పేపర్లో వచ్చిన వారంలోనే ఎర్రగుంటపల్లె నుంచి కోటమ్మ అనే రైతు ఆఫీసుకు వచ్చింది. రామసుబ్బయ్య లోపలి గదిలో ఉన్నాడు. సగం తెరిచిన తలుపులోంచి బయట మేనేజర్ హరికృష్ణతో ఆమె మాట్లాడేదంతా ఆయనకు వినపడుతోంది.

“మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినాది సారూ. బోర్లన్నీ నిలిచిపోయినాయి. మిరప పూత మీదుండాది, గొర్రెలకు కూడా నీళ్ళు లేవు. కంప్లైంట్ రాసుకో.”

“ఎవరి మీద రాసుకోవాలమ్మా?”

“మీ సంఘం మీద.”

“సంఘం నీదే గదా! నువ్వు యజమానివి. నీ మీద నువ్వే కంప్లైంట్ ఇస్తే మేమెట్ల తీసుకునేది?”

“అట్లయితే యజమానిగానే చెప్తాండా. ట్రాన్స్‌ఫార్మర్ పంపించు.”

“ఒక్క యజమాని చెప్తే సరిపోదమ్మా. యజమానులంతా సర్వసభ్య సమావేశం పెట్టుకోని చెప్పాల.”

“ఎప్పుడు పెడతారు?”

“యజమానులు అడిగినప్పుడు.”

“అడుగుతాండా గదా!”

“నోటితో కాదు. రాసి కంప్లైంట్ కౌంటర్‌లో ఇయ్యాల.”

“కౌంటర్ యాడుండాది?”

“తీసేసినాం. యజమానులకు కంప్లైంట్లేందని.”

లోపల రామసుబ్బయ్య తల పట్టుకున్నాడు. తన ప్రకటన ఇంత చక్కగా పనిచేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. కోటమ్మ వెళ్ళిపోయాక హరికృష్ణను పిలిచి, స్టోరులో ఉన్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను వెంటనే ఎర్రగుంటపల్లెకు పంపమన్నాడు.

“ఊరికే పంపిస్తే ఎట్ల సార్? మన ప్రకటన తర్వాత మొదటి ట్రాన్స్‌ఫార్మర్. మంత్రిగారి చేత ప్రారంభం చేయిద్దాం” అన్నాడు హరికృష్ణ.

వద్దు అనడం రామసుబ్బయ్యకు రాదు. వచ్చి ఉంటే ఛైర్మన్ అయ్యేవాడే కాదు. “మంచి ఆలోచన” అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ ఊరికి వెళ్ళింది. దిమ్మె ఎక్కింది. దానికి పసుపు, కుంకుమ పెట్టి ఎర్ర రిబ్బన్ చుట్టారు. తీగలు మాత్రం కలపలేదు. మంత్రిగారు మొదట అసెంబ్లీలో ఉన్నారు. తర్వాత పెళ్ళిళ్ళలో ఉన్నారు. ఆ తర్వాత ఆయన గొంతు బాగాలేదు. ఆ గొంతు బాగయ్యేదాకా ఎర్రగుంటపల్లె మిరప ఎండాలన్నమాట.

రామసుబ్బయ్యకు అన్నం సహించలేదు. కంచంలో పచ్చడి కనపడితే చాలు, పూత రాలిపోతున్న తోటలే గుర్తుకొచ్చేవి. ఒక ఉదయం ఉండబట్టలేక బయల్దేరాడు. కారు రిపేరుకని షెడ్డులో ఉంది. ఎప్పుడు ప్రారంభోత్సవమైనా సిద్ధంగా ఉండాలని హరికృష్ణ షామియానా సామాను ముందే పంపిస్తుంటే, ఆ లారీలోనే డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.

ఊళ్ళో దిగి చూస్తే తోటలు పచ్చగా ఉన్నాయి. బోరు పైపులోంచి నీళ్ళు మనిషి నడుమంత లావున దూకుతున్నాయి. కోటమ్మ పార పట్టుకుని మిరప సాళ్ళకు నీళ్ళు తిప్పుతోంది. పక్కనే గొర్రెలు తాగుతున్నాయి.

“ఏందక్కా ఇది? కరెంటు ఎట్ల వచ్చింది?” అన్నాడు ఆయన.

“మేమే ఇచ్చుకున్నామన్నా. సంఘం మాదేనని ఆఫీసులోనే చెప్పినారు గదా. యజమానులమంతా పాలకేంద్రం కాడ కూర్చోని తీర్మానం చేసుకున్నాం. లైన్‌మన్ యేసుదాసును పిలిచి తీగలు కలపమన్నాం. యజమానులు చెప్తే కాదంటాడా?”

అన్నా! ఒక సామాన్య సభ్యురాలు ఛైర్మన్‌ను నోరారా అన్నా అని పిలుస్తోంది. రామసుబ్బయ్య కళ్ళు చెమర్చాయి. తన ఏలుబడిలో జరిగిన మొట్టమొదటి మంచి పని ఇది. తను ఏమీ చేయకపోవడం వల్లే అది జరిగిందనీ ఆయనకు తెలుసు. అయినా సంతోషంగానే ఉంది. చెప్పులు విడిచి, ఆ చల్లటి నీళ్ళలో కాసేపు ఊరికే నిలబడ్డాడు.

అప్పుడే హరికృష్ణ ఫోన్ చేశాడు. రేపే మంత్రిగారి రాక.

ఉన్న కరెంటును మంత్రిగారు ఎలా ఇస్తారు?

“అక్కా, రేపు ఒక్క పూట మోటర్లు ఆపాల. మంత్రిగారు వచ్చి స్విచ్చేస్తారు.”

“వస్తాండే కరెంటు ఆపి మళ్ళా ఇచ్చేదానికి మంత్రెందుకన్నా?”

“లేనిదాన్ని ఎవురు మాత్రం ఇయ్యగలరక్కా? ఉన్నదాన్నే గదా ఇచ్చేది. ఈ ఫంక్షన్ జరగకపోతే నా పని అయిపోయినట్టే.”

కోటమ్మ ఆయన్నీ, ఆయన వెనక లారీనీ జాలిగా చూసింది. “సర్లే. నీ బతుకుదెరువు మీద కొట్టేదెందుకు? ఒక్క పూటే గదా, ఆపుకుంటాం.”

ఇంత పెద్ద మనసు గల యజమానులు ఇంకే సంఘానికి ఉంటారని ఆయన పొంగిపోయాడు.

మరునాడు ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. వేదిక మీద పూలు చుట్టిన ఎర్ర బటన్ పెట్టారు. అది కంభం బజార్లో కొన్న కాలింగ్ బెల్ స్విచ్చి, దేనికీ కలపలేదు. అసలు స్విచ్చి ఊరి చివర స్తంభం దగ్గర ఉంది. అక్కడ యేసుదాసు నిలబడతాడు. మంత్రిగారు బటన్ నొక్కగానే రామసుబ్బయ్య తన కండువా ఊపాలి. అది చూసి యేసుదాసు కరెంటు వేయాలి. సంఘంలో ఛైర్మన్‌కు దొరికిన మొదటి సాంకేతిక బాధ్యత అది. ఆయన ఉదయం నుంచి కండువా ఊపడం సాధన చేస్తూనే ఉన్నాడు.

మంత్రిగారు మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చారు. వేదిక మీద కుర్చీలన్నీ ఆయన వెంట వచ్చినవాళ్ళే ఆక్రమించారు. రామసుబ్బయ్యకు చోటు దొరకలేదు. గాలికి షామియానా లేచిపోతుంటే కిందే గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో ఒకరు పట్టుకోవాలి గదా.

మంత్రిగారు బటన్ నొక్కారు. రామసుబ్బయ్య ఆనందం పట్టలేక గుంజ వదిలేసి చప్పట్లు కొట్టాడు. ఎంత భక్తిగా కొట్టాడంటే, ఆ రెండు చేతుల్లో ఒకటి కండువాకు కావాలన్న సంగతే మర్చిపోయాడు.

కరెంటు రాలేదు. పైపులోంచి చుక్క పడలేదు. కానీ అందరూ చప్పట్లు కొడుతున్నారు.

“అదిగో గంగమ్మ!” అని మంత్రిగారు ఎండిన పైపు వైపు చెయ్యి చాపారు. “ఈ పల్లె చరిత్రలో తొలిసారి! ఇంత సేవ చేస్తున్న మీ ఛైర్మన్ గారిని అభినందిస్తున్నా!”

వేదిక మీద తెల్లచొక్కా ఆయనెవరో లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. రామసుబ్బయ్య ఆయనకూ చప్పట్లు కొట్టాడు.

“నీళ్ళు లేవే?” అని ఒక విలేకరి ఫోటోగ్రాఫర్‌ను అడిగాడు.

“తర్వాత ఫోన్లో ఫోటోకు కలుపుకుందాంలే.”

కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. కోటమ్మ షామియానా దగ్గరికొచ్చింది.

“అన్నా, ఆ కండువా ఏదో ఊపాలంట గదా, ఊపు. యేసుదాసు తిండి లేకుండా ఎండలో నిలబడుకోనుండాడు.”

రామసుబ్బయ్య నాలుక కరుచుకుని కండువా ఊపాడు. పైపు రెండుసార్లు దగ్గి, బుసబుసమని నీళ్ళు కక్కింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పారలు తీసుకుని ఎవరి తోటలకు వాళ్ళు పోయారు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. అసలు నీళ్ళకన్నా ఎక్కువ నీళ్ళున్నాయి. రామసుబ్బయ్య దాన్ని సుబ్బరత్నమ్మకు చూపిస్తుండగానే మంత్రిగారి పీఏ నుంచి ఫోన్ వచ్చింది.

“ప్రోగ్రాం బాగుందండీ. కాకపోతే ఫోటోలో సార్ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎల్లుండి ఇంకోసారి పెట్టండి.”

“అలాగేనండీ” అన్నాడు రామసుబ్బయ్య. ఫోన్ పెట్టేశాక, అలాగే అన్నందుకు తనను తాను కాసేపు తిట్టుకున్నాడు. తర్వాత చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

ఎర్రగుంటపల్లెలో కోటమ్మ సాళ్ళ మధ్య ఉంది. ఆయన గట్టు మీద నిలబడి, పార వైపే చూస్తూ విషయం చెప్పాడు. ఆమె కోపం తెచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆమె మాత్రం నిట్టూర్చింది, అంతే.

మోటారు షెడ్డు దగ్గర నుంచి కోడలు స్వర్ణలత కేకేసింది. “ఎవరత్తా వచ్చినాది?”

“టెంటాయన. మళ్ళా ఫంక్షన్ అంట. ఎల్లుండి మోటర్లు ఆపాలని అందరికీ చెప్పు. పాపం, ఆయనకు మాత్రం గిరాకీ ఉండొద్దా?”

రామసుబ్బయ్య ఆ టెంటాయన ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. గట్టు మీద తను తప్ప ఇంకెవరూ లేరు.

“ఈసారి కుర్చీలు ఎన్ని వెయ్యమంటావక్కా?” అన్నాడు.