దగ్గు చెడకుండా కాపాడుట

రాష్ట్రాలు ఒక్కటైన మరుసటి ఏడు, వైద్యాలన్నీ కూడా ఒక్కటి కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముందుగా భైంసా పక్కనున్న మా ఊరి దవాఖానలో అమలు చేశారు. (కప్పు కారని గది ఒక్కటే ఉంది కాబట్టి ఇక్కడ ఐక్యత సులభమనుకున్నారు.) ఆ గదిలో డాక్టరుకు, ఆయుర్వేద వైద్యుడికి, యునానీ హకీముకు కలిపి ఒకే బల్ల వేశారు. వైద్య ఐక్యతాధికారి అనే ఆయన వచ్చి నియమం చదివారు: రోగమేమిటో ముగ్గురూ ఒక్కమాటగా తేల్చాకే మందు. అంతవరకు రోగి తన రోగాన్ని ఏ మార్పూ రాకుండా కాపాడుకోవాలి.

మొదటి రోగి మా వెనకింటి అంబదాస్. జిన్నింగు మిల్లులో మిషనుకు పత్తి అందిస్తాడు. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఒకటే దగ్గు. త్వరగా పనికి పోకపోతే మిల్లు సేటు ఆ చోట ఇంకొకరిని పెట్టుకుంటాడు.

డాక్టరు స్పూటం అన్నారు. వైద్యుడు కఫం అన్నారు. హకీము బల్గం అన్నారు. (మా ఇంట్లో మూడింటినీ తెమడ అంటాం.) మాట కలవలేదు కనుక అంబదాస్‌ను వరండాలో కూర్చోబెట్టారు. అతని భార్య గంగుబాయి మిరియాల కషాయం తెస్తే, శాస్త్రం చెడుతుందని అధికారి చెంబు లాక్కున్నారు. (చల్లారిపోతుందని ఆయనే తాగారు.)

వాదన సాగుతుండగా వారాలు గడిచాయి. వరండా గాలికి అంబదాస్ దగ్గు తగ్గింది, తర్వాత ఆగిపోయింది. దవాఖాన మరీ నిశ్శబ్దంగా ఉండేసరికి అధికారికి అనుమానం వచ్చింది.

"దగ్గేదయ్యా?"

"పోయింది సారూ."

"ఎవరినడిగి పోయింది?"

అంబదాస్ తల వంచుకున్నాడు. తనకు చేతనైనంత దగ్గి చూపించాడు. అది దగ్గు కాదని ముగ్గురూ మొదటిసారి ఏకగ్రీవంగా తేల్చారు.

"మిల్లు దుమ్ముల నిలవడితె మల్ల వస్తది సారూ," అంది గంగుబాయి. "కని గా జాగల సేటు మా వాడకట్టు కొండల్‌ను వెట్టిండు. పనే లేకపాయె, దగ్గు యాడికెల్లి తేవాలె?"

దుమ్ము అనే మాట మూడు శాస్త్రాల్లో దేని కిందికీ రాదని అధికారి తోసిపుచ్చారు. ఇంతలో ఆ కొండల్ అనేవాడే దగ్గుతూ గేటు దాటి వచ్చాడు. ముగ్గురూ లేచి ఎదురువెళ్లి, అతన్ని జాగ్రత్తగా వరండాలో కూర్చోబెట్టారు.

అంబదాస్ సంపూర్ణ ఆరోగ్యవంతుడని ముగ్గురూ సంతకాలు చేసి కాగితం ఇచ్చారు. పనిలో చేరేటప్పుడు చూపించమన్నారు.