కంప్యూటరు చొక్కా

కోడలు కుళాయి దగ్గర కూర్చుని కంప్యూటరు చొక్కా ఉతుకుతోంది. కంప్యూటరుకు చొక్కా ఏమిటని నవ్వకండి. ఆ ఇంట్లో దుమ్ము పడకూడని ప్రతి వస్తువుకూ బట్టలున్నాయి. టీవీకి ముసుగు, ఫ్రిజ్జుకు టోపీ, కంప్యూటరు పెట్టెకు మందపాటి చొక్కా. మీట నొక్కడానికి దానికి ముందువైపు ఒక కంత, డిస్కు పెట్టే పళ్లెం బయటికి రావడానికి ఇంకో కంత. కొన్ననాటి నుంచీ చొక్కా విప్పకుండానే వాడుతున్నారు కాబట్టి పెట్టె కొత్తదానిలా మెరుస్తోంది. లోపల అది పొయ్యి మీది పెనంలా కాలిపోతోందన్న సంగతి చొక్కా పుణ్యమా అని ఎవరికీ తెలియలేదు. నిన్న పక్కింటాయన దాని మీద టీ ఒలకబోయకపోతే ఇవాళ ఈ ఉతుకుడు కూడా ఉండేది కాదు.

లోపలి గదిలో డిస్కు లోప నిర్ధారణ సంఘం సమావేశమై ఉంది. అధ్యక్షులు మామగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన బల్ల మీద ఒక్క ఫైలు కూడా పాడవలేదు, ఏదీ కదలలేదు గనుక. సభ్యుడు ఆయన కొడుకు. రంగుల కంపెనీలో పని చేస్తాడు, ఏ యంత్రం గురించైనా సగం చదివి మిగతా సగం ఊహించగల సమర్థుడు. సాంకేతిక సలహాదారు పక్కింటాయన. ఒకప్పుడు మొరాయించిన ప్రింటరును ఆయన చెంపదెబ్బ కొడితే పని చేసింది. అప్పటి నుంచీ వీధిలో ఆయన బిరుదు సలహాదారే.

సమస్య చిన్నది. కొడుకు పెళ్ళినాటి డిస్కు ఒకటుంది. అందులో అందరూ వస్తారు, అందరూ తింటారు, ఆ తరవాత అత్తగారి చెల్లెలు కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, కెమెరా వైపు చూసి "మా అక్క ఉంది చూశారూ..." అంటుంది. అంతే. బొమ్మ బిగుసుకుపోతుంది. చెల్లెలు నోరు తెరిచి అలాగే ఉండిపోతుంది.

పెళ్ళిలో చెల్లెలు ఆ మాట అంటున్నప్పుడు అక్కగారు, అంటే మన అత్తగారు, వంటశాలలో ఉంది. చెల్లెలు తన గురించి ఏమందో తరవాత అడుగుదామనుకుంది. ఎన్నోసార్లు కలిసినా వేరే కబుర్లతోనే పొద్దుపోయింది. మొన్న వేసవిలో చెల్లెలు పోయింది. ఇక ఆ మాట చెప్పగలిగింది ఈ డిస్కు ఒక్కటే.

"ఒక్కసారి పెట్టరా. అదేమందో విని ఊరుకుంటాను," అంది అత్తగారు కొడుకుతో.

"ఎదురింటి టైలరమ్మ దగ్గర పాత ప్లేయరుంది కదండీ, అందులో చూస్తే సరిపోతుందేమో," అంది కోడలు.

మామగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇంట్లో ఇంత కంప్యూటరు పెట్టుకుని ఎదురింటికి పోయి చూస్తామా అమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ నలుగురిలో మీరూ ఒకరు. మీరేమీ అనుకోకూడదనే సంఘం ఇంత శ్రమపడింది.

మొదట డిస్కు మురికిగా ఉందని తేల్చి పళ్ళపొడితో తోమారు. చెల్లెలు అక్కడే ఆగిపోయింది, కాకపోతే గదంతా లవంగాల వాసన వేసింది. తరవాత డిస్కు వేడెక్కుతోందని సలహాదారు కనిపెట్టి, దాన్ని ఫ్రిజ్జులో కూరల అరలో పడుకోబెట్టించారు. చల్లని డిస్కును చొక్కా తొడుక్కున్న పెట్టెలో పెట్టి ఎదురుచూశారు. ఆ పైన కంప్యూటరులో తమకు అర్థం కానివన్నీ తీసేశారు, దాంతో ప్రింటరు ఉద్యోగం మానేసింది. ఇంటర్నెట్టు నుంచి కొత్త ప్లేయరు దింపారు, అది తనతోపాటు తలనూనె ప్రకటనలను వెంటబెట్టుకొచ్చింది. చివరికి సలహాదారు ఒక అభిప్రాయం ప్రకటించారు: "ఆవిడ మరీ గబగబా మాట్లాడారండీ. డిస్కులు తట్టుకోలేవు." తప్పు పోయినావిడది అయ్యేసరికి సంఘానికి కాస్త మనశ్శాంతి కలిగింది.

డిస్కు లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అత్తగారు కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని కూర్చునేది. ప్రతిసారీ మామగారు ఓర్పుగా చెప్పేవారు. "ఇది పరీక్షే. చూడ్డం వేరు, పరీక్షించడం వేరు. నువ్విలా ఎదురుగా కూర్చుంటే మాకు కంగారు." ఆవిడ లేచి గుమ్మం దగ్గర నిలబడేది.

ఇవాళ చొక్కా కుళాయి దగ్గరుంది. పెట్టెకు ఇన్నేళ్ళకు గాలి తగిలింది. సరిగ్గా అప్పుడే సలహాదారు ఆఖరి చికిత్సగా తెర మీది జలపాతం బొమ్మ తీసేసి పర్వతం బొమ్మ పెట్టారు. డిస్కు తిరిగింది. అందరూ వచ్చారు, తిన్నారు. చెల్లెలు కుర్చీలో కూర్చుంది, కొంగు సర్దుకుంది.

"మా అక్క ఉంది చూశారూ, అదీ..."

"ఆడుతోంది నాన్నా, ఆడుతోంది," అని కొడుకు అరిచాడు. "పర్వతం, పర్వతం," అని సలహాదారు అరిచారు. ఆ కేకల్లో చెల్లెలి మాట కొట్టుకుపోయింది.

"వెనక్కి తిప్పరా," అంది అత్తగారు గుమ్మంలోంచి వచ్చి కుర్చీ వీపు పట్టుకుని.

"ఉండమ్మా, ముందుకు పరిగెత్తించడం ఇంకా చూడలేదు."

పరిగెత్తించారు. చెల్లెలి పెదవులు తూనీగ రెక్కల్లా కొట్టుకున్నాయి. వెనక్కి పరిగెత్తించారు. ఆపారు, వదిలారు. శబ్దం పరీక్షించడానికి చెల్లెలి గొంతు చాలదని పెళ్ళిమేళం దగ్గరికి వెళ్ళి అక్కడ పెంచారు. అన్నీ తృప్తికరంగా ఉన్నాయి. కొడుకు మీట నొక్కితే డిస్కును మోసుకుంటూ పళ్లెం బయటికి వచ్చింది.

మామగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! పట్టుదల, క్రమశిక్షణ, పర్వతం, ఈ మూడింటి వల్ల ఈ విజయం సాధ్యమైంది. డిస్కు నిక్షేపంలా ఉందని రుజువైంది కాబట్టి, ఇక దాన్ని ఆడించి అరగదీయకుండా బీరువాలో పెట్టి తాళం వేయాలని నిర్ణయిస్తున్నాను." ఆ తరవాత భార్య వైపు తిరిగి, అర్జీ తెచ్చినవాళ్ళతో మాట్లాడే మెత్తని గొంతుతో అన్నారు. "పని చేస్తోందని తెలిసింది కదా. ఇక చూసి మాత్రం ఏం చేస్తావు?"

అత్తగారు కళ్ళజోడు తీసి కుర్చీలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. సలహాదారు కృతజ్ఞతోపన్యాసం మొదలుపెట్టారు. అది సాగినంత సేపు సాగింది.

కోడలు ఆరిన చొక్కా తెచ్చి పెట్టెకు తొడిగింది. డిస్కు ఆడుతుండగా ఒక ఫోటో ఉండాలని సలహాదారు తల దువ్వుకున్నారు. కొడుకు తండ్రి వైపూ సలహాదారు వైపూ నవ్వుమొహం పెట్టి, చూడకుండానే పళ్లెం లోపలికి నెట్టాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: డిస్కు పెట్టండి.

మామగారు పైకి చదివారు. మళ్ళీ చదివారు. "లోపం తిరగబెట్టింది," అన్నారు.

"నేననుకుంటూనే ఉన్నానండీ," అన్నారు సలహాదారు దువ్వెన జేబులో పెట్టుకుంటూ. "పర్వతం చాలదు. సముద్రం పెట్టాలి."

మళ్ళీ కుర్చీలు దగ్గరికి జరిగాయి. ఆ గదిలో అప్పుడు లేనివి రెండు. డిస్కు లేదని కంప్యూటరు వెంటనే కనిపెట్టి చెప్పింది. రెండోది కనిపెట్టేపాటి తెలివి ఆ సంఘంలో ఎవరికీ లేదు.

వీధికి అవతల టైలరమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. కోడలు ఖాళీ కుర్చీలోని కళ్ళజోడు తీసుకుని, కొంగుతో రెండు వైపులా తుడిచి, చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది.