‘ఏంది’ అనుటకు అనుమతి

స్వేచ్ఛ వచ్చింది. మన పల్నాడుకు కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చింది. పాత సర్కారు కూలిపోయిందని, ఇకపై ప్రజలు ఏమైనా అడగవచ్చని మైకులో ప్రకటించారు. (మైకు పాతదే. గొంతు కూడా పాతదే.)

ఆ సర్కారు ప్రశ్నలన్నిటినీ నిషేధించిన సంగతి తెలిసిందే. మిగతా జిల్లాల వాళ్ళు ఎలాగో సర్దుకున్నారు. మనం చచ్చాం. మనకు ‘ఏంది’ అనేది ప్రశ్నా, పాడా? పలకరింపూ అదే, బేరమూ అదే, తగాదాకు మొదటి మాటా అదే. అది లేకుండా బావమరిది ఎదురుపడితే ఏం మాట్లాడతాం? అందుకే గురజాల అవతల కట్టిన ‘మౌనాలయం’ అనే జైలు మనవాళ్ళతోనే కిటకిటలాడింది.

కారంపూడి మిరప రైతు పిచ్చయ్య అలాగే లోపలికి వెళ్ళాడు. ఎండకు చేలు మాడిపోతుంటే, ‘నేడు మంచి వర్షం కురిసినది, అందరూ ఆనందించవలెను’ అని మైకు చెప్పింది. పిచ్చయ్య ఆకాశం వైపు చూసి ‘ఏందీ?’ అన్నాడు. పొట్టిగా ‘ఏంది’ అని ఉంటే జరిమానాతో పోయేది. దీర్ఘం తీశాడు. దీర్ఘానికి శిక్షా దీర్ఘమే.

కొత్త సర్కారు రాగానే ఇలాంటి వాళ్ళందరినీ వదిలెయ్యమని ఉత్తర్వు పంపింది. ఒక్కటే షరతు. బయటికి వెళ్ళే మనిషి అధికారి ముందు నిలబడి, ఎవరి బలవంతమూ లేకుండా, ఒక ప్రశ్న అడిగి తీరాలి. అడగనివాణ్ణి వదిలితే స్వేచ్ఛ వృథా అవుతుందట. అధికారి పేరు శ్రీకాంత్. నిన్నటిదాకా ప్రశ్నల నిషేధ అధికారి, ఇవాళ ప్రశ్నల ప్రోత్సాహక అధికారి. (అనుభవానికి విలువ ఇవ్వాలి కదా.)

అందరూ ఏదో ఒకటి అడిగేసి వెళ్ళిపోయారు. పిచ్చయ్య మిగిలాడు.

“అడుగయ్యా, నీ ఇష్టం,” అన్నాడు శ్రీకాంత్.

“అంతా బాగుందండీ,” అన్నాడు పిచ్చయ్య. లోపల నేర్పించిన మాట అది.

వారం వారం ఇదే తంతు. చివరికి అతని భార్య లక్ష్మీకాంతాన్ని పిలిపించారు. ఆమె వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

“ఏమయ్యో, నీ బర్రెనమ్మేశా.”

“మంచి పని చేశారండీ.”

“చేను మీ తమ్ముడికి రాసిచ్చా.”

“చానా సంతోషమండీ.”

ఆ తమ్ముడితో గట్టు తగాదాలో పిచ్చయ్య తల పగిలిన సంగతి ఊరంతటికీ తెలుసు. లక్ష్మీకాంతం మొహం పాలిపోయింది. కట్టుకున్న పెళ్ళాన్ని ‘అండీ’ అంటున్నాడు!

“కూరలో ఉప్పు తగ్గితే ‘ఏందే ఇది’ అని బజారంతా ఇనబడేట్టు అరిచేవోడివి గదయ్యా! ఒక్కసారి అను. ఇంటికి పోదాం,” అంటూ ఊచలు పట్టుకుని ఏడ్చింది.

“అంతా బాగుందండీ.”

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. శ్రీకాంత్ వైపు తిరిగి, “ఏందయ్యా ఇదీ? మనిషిని ఏం చేశారయ్యా?” అని నిలదీసింది.

శ్రీకాంత్ మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయింది అంత చక్కటి ప్రశ్న విని! బలవంతం లేదు, పైగా దీర్ఘం కూడా ఉంది. అక్కడికక్కడే విడుదల ఉత్తర్వు రాశాడు. నిబంధన ప్రకారం ప్రశ్న అడిగినవారి పేరు మీదే రాయాలి గనుక, లక్ష్మీకాంతం పేరు మీద రాశాడు.

“నేనెప్పుడు లోపలున్నా?” అందామె. (ఈ ప్రశ్నను లెక్కలోకి తీసుకోలేదు. మనిషికి ఒకటే.)

అయినా న్యాయమైన మాటే. లోపల లేని మనిషిని విడుదల చేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? అందుకని ముందు ఆమెను లోపలికి తీసుకున్నారు, ‘దయచేయండమ్మా’ అంటూ ఎంతో మర్యాదగా. తీరా చూస్తే ఉత్తర్వు ఆమె లోపలికి వెళ్ళకముందు రాసినది. చెల్లదు. ఆమె వాటా ప్రశ్న అయిపోయింది గనుక, కొత్తది రాయాలంటే బయటి మనిషి ఎవరైనా వచ్చి ఆమె సంగతి అడగాలి.

విడిపోయిన భార్యాభర్తలను ఒకచోటికి చేర్చినందుకు శ్రీకాంత్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. కారంపూడిలో వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. రోజూ మనం ఆ ఇంటి ముందు నుంచే బస్సుకు పోతున్నాం.

ఆమెను ఎప్పుడు వదులుతారని ఇంతవరకూ ఎవరమూ అడగలేదు. అడిగే స్వేచ్ఛ మాత్రం అందరికీ ఉంది.